మతిమరుపు కాటా కేసు

"విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నేరం చెయ్యదలుచుకున్నవాళ్ళు ఇవాళ్టినుంచి వేరే జిల్లా చూసుకోవడం మంచిది" అన్నాడు గణపతిరావు, వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, ఒక చెయ్యి నడుం మీదా రెండో చెయ్యి ద్వారబంధం మీదా వేసి. "ఎందుకంటే నేను వచ్చాను."

ద్వారబంధానికి ఆ పొద్దున్నే ఆకుపచ్చ రంగు వేశారు. ఆ ముక్క చెబుదామని శైలజ నోరు తెరిచేలోపే ఆయన అదే చేత్తో మీసం దువ్వేసుకున్నాడు.

"అండీ, మీ మీసం..."

"తెలుసమ్మా. అందరూ ముందు దాన్నే చూస్తారు" అన్నాడు గణపతిరావు మెచ్చుకోలుగా.

ఆ వారం శైలజ ఏం చెప్పినా ఎవరూ వినడం లేదు.

గణపతిరావుకి గరివిడిలో ఎరువుల దుకాణం ఉంది. దుకాణం భార్య చూసుకుంటుంది, ఈయన లోకాన్ని చూసుకుంటాడు. మండుటెండలో నల్లకోటు తొడుక్కుంటాడు. జేబులో భూతద్దం ఉంటుంది. అది నిజానికి భార్య బియ్యంలో రాళ్ళు ఏరడానికి కొనుక్కున్నది. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే: సుభద్రమ్మగారి గేదె అదృశ్యం. గేదెను వెతుకుతూ ఈయన ఇటుకబట్టీ పక్క గోతిలో పడ్డాడు. గేదె కూడా అందులోనే ఉంది. ఆ మర్నాడే విజిటింగు కార్డులు అచ్చువేయించుకున్నాడు.

వర్క్‌షాపు యజమాని నరసింగరావు ఆయనకి చెల్లెలి మొగుడు. విజయనగరం కోట దగ్గరి సందులో చిన్న షెడ్డు వేసుకుని డిజిటల్ కాటాలు తయారుచేయిస్తాడు. మామూలు కాటాలు కావు, జ్ఞాపకమున్న కాటాలు. ఏ తట్ట ఎవరిది, ఏ చేప, ఎన్ని కిలోలు, వేలంలో ఎవరు పాడుకున్నారు, అన్నీ గుర్తుపెట్టుకుంటాయి. గుర్తుపెట్టుకోవడానికి లోపల ఒక చిన్న డేటాబేస్ ఉంటుంది. దానికి వేరే కంప్యూటరు అక్కర్లేదు, వేరే మనిషి అక్కర్లేదు. కాటా కడుపులోనే కూర్చుని రాసుకునే గుమాస్తా లాంటిది. అది ఎక్కడా కొన్నది కాదు. ఎవరైనా తీసుకోవచ్చని, లోపల రాసిందంతా ఎవరైనా చదువుకోవచ్చని తయారుచేసినవాళ్ళే లోకానికి వదిలేసిన ఓపెన్ సోర్స్ సరుకు. దాన్ని ఎంచుకుని కాటాలో పెట్టింది శైలజ.

శైలజ వాళ్ళది శ్రీముఖలింగం దగ్గర వరి పండించే ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. "మా పిల్ల ఇనప డబ్బాకి జ్ఞాపకం పోస్తాది" అని వాళ్ళమ్మ బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చెబుతుంది. ఇప్పుడా జ్ఞాపకమే పోతోంది. శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డు పల్లెలో పెట్టిన కాటా ఏ పూట తూకం ఆ పూట గుర్తుంచుకుంటుంది. తెల్లారి చూస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లమొహం వేస్తుంది. శైలజ మూడుసార్లు వెళ్ళింది. పాట జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి చూసి, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేది. ఏ లోపమూ దొరకలేదు.

"ఊరికే వచ్చిన సరుకు మరి అలాగే ఉంటాది" అన్నాడు నరసింగరావు. "రేపు పోతే ఎవుడి కాలరు పట్టుకోవాలి, సెప్పు?"

"లోపల రాసిందంతా బైటే ఉంది సార్. ఎవరైనా చదివి తప్పు పట్టొచ్చు."

"నువ్వు చదివేవా?"

శైలజ అబద్ధమాడలేదు. "కొంచెం చదివాను సార్."

"సూసేవా మరి!"

ఆ సమయానికే దిగాడు ధనరాజు. మెడలో టై, చేతిలో నిగనిగలాడే కరపత్రం. ఆయన కంపెనీ అమ్మే డేటాబేస్ పేరు 'అక్షయ'. పిడుగు పడినా, పడవ మునిగినా, ప్రళయమే వచ్చినా ఒక్క అక్షరం చెరగదని కరపత్రంలో రాసుంది. లోపల ఏముందో మాత్రం ఎవరికీ చూపించరు.

"తెరిచి చూడక్కర్లేదు మేడం. నమ్మితే చాలు" అన్నాడు ధనరాజు.

రెండు రోజుల తర్వాత ఆ పల్లెలోనే డెమో అని నిశ్చయమైంది. నెగ్గితే నరసింగరావు అక్షయ కొంటాడు. కొన్నాక దాన్ని చూసుకోవడానికి ధనరాజు మనిషే వస్తాడు. "అప్పుడు నీకిక్కడ పనుండదమ్మా, నానేటి సెయ్యను" అని నరసింగరావు గోడకేసి చూస్తూ చెప్పాడు. శైలజ తలూపింది. వాళ్ళమ్మ బస్సులో ఇక ఏం చెబుతుందో అని మాత్రం అనుకుంది.

ఇంట్లో ఈ సంగతంతా విని నరసింగరావు భార్య ఒకే మాట అంది: "మా అన్నయ్యని పిలవండి, పైసా పుచ్చుకోడు." ఊరికే వచ్చిన డేటాబేసుని నమ్మని మనిషి ఊరికే వచ్చిన డిటెక్టివుని మాత్రం కళ్ళకద్దుకున్నాడు. పెళ్ళాం అన్నగారు ఓపెన్ సోర్స్ కాదు మరి.

"సరే, కేసు వివరించండి" అన్నాడు గణపతిరావు, కుర్చీలో వెనక్కి వాలి.

శైలజ అంతా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకచోట గురక కూడా వినిపించింది.

"ఓపెన్ అన్నావు. అంటే తలుపులు బార్లా తీసిపెట్టి, దొంగలు పడ్డారంటున్నారు."

"తలుపు కాదండీ, ఎలా కట్టారో ఇంటి ప్లాను బైట పెట్టారు. తాళం తాళమే."

"ప్లాను దొంగ చేతికిచ్చారు! నాకు అంతా అర్థమైంది. రేపు సముద్రతీరంలో ఒక ముసుగు తొలగబోతోంది!" అంటూ గబుక్కున లేచాడు. మేకుకి తగులుకున్న కోటుతోపాటు కుర్చీ కూడా లేచింది. "ఓలమ్మో, ఏటిది!"

గణపతిరావుకి రెండు భాషలు. ధైర్యంగా ఉన్నప్పుడు డిటెక్టివు పుస్తకాల భాష, భయం వేస్తే గరివిడి భాష.

*

మర్నాడు వాళ్ళు చేరేసరికి పడవలు ఒడ్డుకొచ్చేశాయి. రేకుల షెడ్డు కింద పొడవాటి బల్ల, బల్ల మీద పక్కపక్కనే రెండు కాటాలు. రెండూ నరసింగరావు వర్క్‌షాపువే, ఒకే అచ్చు. పైన తీసి కడుక్కునే పళ్ళెం, ముందు వాలుగా అద్దం, అద్దం కింద బటన్లు. అన్నిటికన్నా పొడుచుకొచ్చినట్టు ఒక ఎర్ర బటన్. దాన్ని కాసేపు నొక్కిపట్టుకుంటే లోపల జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. ఏడాదికోసారి వాడేదాన్ని అంత ఎత్తు పెట్టొద్దని శైలజ అన్నా, "తడి సేతులకి తగలొద్దేటి?" అని నరసింగరావు పట్టుబట్టి పెట్టించాడు.

ఒక కాటాలో శైలజ డేటాబేస్, రెండోదాంట్లో అక్షయ. ప్రతి తట్టా రెండిటి మీదా తూచాలని ఒప్పందం.

ఆ రేవులో మాట దాలమ్మది. చేపలమ్మే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు, కాటాకి కాపలా కూడా ఆవిడే. శైలజని చూడగానే, "వొచ్చేవేటే గుంటా! మళ్ళీ దానికి మందేస్తావేటి?" అంది.

"ఇవాళ పెద్ద డాక్టర్లొచ్చారు దాలమ్మత్తా."

"ఆ మెడకి గుడ్డ కట్టుకున్నాయనా? పాపం, గొంతు నొప్పేటి?"

ఇంతలో గణపతిరావు మాయమయ్యాడు. కాసేపటికి షెడ్డు వెనకనుంచి ఒక ఒడిశా చేపల వ్యాపారి వచ్చాడు. నల్లకోటు మీదే లుంగీ కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, జనంలో నిలబడి నలుగురి మొహాలూ భూతద్దంలోంచి చూడసాగాడు. పక్కనున్న అసలు ఒడిశా వ్యాపారి ఆయన్ని ఒరియాలో ఏదో పలకరించాడు. గణపతిరావు గంభీరంగా, తనకొచ్చిన ఒక్క ఒరియా మాట, "భల, భల" అన్నాడు. ఆయనింకేదో అడిగాడు. ఈయన మళ్ళీ "భల" అన్నాడు. ఆయన దూరంగా జరిగి నిలబడ్డాడు.

రేవులో వేలం పాడించే ఎర్రన్న పాట మొదలెట్టాడు. ఒడ్డున పాటంటే నోటితో ఎక్కువ మాట్లాడరు. ఒకరు కనుబొమ్మ ఎత్తుతారు, ఒకరు మీసం కదుపుతారు. ఎర్రన్న కన్ను అన్నీ పట్టేస్తుంది. గణపతిరావు మీసం మీద రంగు పూర్తిగా ఎండి దురద మొదలైంది కూడా అప్పుడే. గోకితే మారువేషం చెడుతుందని ఆయన పైపెదవిని ఎడాపెడా కదిపాడు.

"టేకు చేప! పచ్చమీసం బాబుది!" అని కేకేశాడు ఎర్రన్న.

చాటంత వెడల్పు, కొరడాలాంటి తోక ఉన్న టేకు చేప ఒకటి వచ్చి గణపతిరావు కాళ్ళ దగ్గర పడింది. పక్కనున్న ఆడవాళ్ళు పక్కున నవ్వారు. గణపతిరావుకి చేప కొన్నట్టు తెలీదు. వినిపించిందల్లా ఒక్క ముక్క. పరుగెత్తుకొచ్చి శైలజ చెవిలో, "ఇక్కడ ఎవరో పచ్చమీసంవాడు తిరుగుతున్నాడు. అనుమానాస్పద వ్యక్తి!" అన్నాడు.

"అండీ, అది..."

"ష్! వాడికి వినబడుతుంది."

బల్ల దగ్గర ధనరాజు డెమో మొదలెట్టాడు. "హుద్‌హుద్ తుఫానుకి ఎన్నాళ్ళు కరెంటు లేదు? గుర్తుందా? చూడండి!" అంటూ గోడకున్న ప్లగ్గు విసురుగా పీకాడు. అక్షయ కాటా వెలుగుతూనే ఉంది. పొద్దున్నించి తూచిన తట్టలన్నీ అద్దంలో వరసగా కనిపించాయి. జనం చప్పట్లు కొట్టారు. నరసింగరావు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

"సార్, దాంట్లో బ్యాటరీ ఉంది. నేనే పెట్టాను" అంది శైలజ. "ప్లగ్గు తీసినా దానికి తెలీదు. రెండిటికీ బ్యాటరీలు కూడా తీసేసి చూద్దాం. నాది పోతే పోయిందని నేనే ఒప్పుకుంటాను."

ధనరాజు నవ్వాడు. "నమ్మకం ఉన్నచోట పరీక్షలెందుకు మేడం?"

"ఉంటేనే కదండీ పరీక్షకి భయముండదు."

"నువ్వూరుకోమ్మా" అన్నాడు నరసింగరావు. అక్షయ కాయితాల మీద సంతకానికి జేబులోంచి పెన్ను తీశాడు.

పెన్ను మూత తీసే చప్పుడు శైలజకి ఆ గోలలో కూడా వినిపించింది.

"ఎవరూ కదలకండి!"

గణపతిరావు బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. లుంగీ విసిరి అవతల పారేశాడు, తువ్వాలు తీసేశాడు. "మీరు ఒడిశా వ్యాపారి అనుకుంటున్నది ఎవరినో కాదు, నన్నే!"

ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎవరూ ఆగలేదు. పాట అయిపోయింది కనుక ఆడవాళ్ళు తట్టలు కడుక్కుంటున్నారు.

"ఈ కాటాల జ్ఞాపకాన్ని దొంగిలిస్తున్న నరరూప రాక్షసుడు ఈ షెడ్డులోనే ఉన్నాడు! మొదట నా అనుమానం ఎర్రన్న మీదకి పోయింది. కారణం, అతని బంగారు పన్ను!"

"అది ఇత్తడి బాబూ" అన్నాడు ఎర్రన్న.

"అందుకే వదిలేశాను. అసలు నేరస్థుడు నా కళ్ళు కప్పలేకపోయాడు. పొద్దున్నించి మన మధ్యే తిరుగుతున్నాడు. ఇప్పుడూ ఇక్కడే ఉన్నాడు. అతడే... పచ్చమీసంవాడు!"

షెడ్డులో అందరి కళ్ళూ ఒక్కచోటికి తిరిగాయి. అందరూ తనవైపే చూస్తున్నారంటే వాడు తన వెనకే ఉన్నాడని గణపతిరావుకి తట్టింది. ఆయన మొహంలోంచి డిటెక్టివు పుస్తకాల భాష జారిపోయింది.

"ఓర్నాయనో! నా యెనకాల ఉన్నాడేటి?"

అని ఒక్క గెంతు గెంతాడు. గెంతినవాడు గెంతినట్టే తాను కొన్న టేకు చేప మీద కాలేశాడు. కాలు ఒడిశా వైపు, ఒళ్ళు విజయనగరం వైపు పోయాయి. పట్టు కోసం చేతులు చాపితే రెండు కాటాలు అందాయి. పళ్ళేలు ఎగిరి ఇసకలో పడ్డాయి. కాటాలు రెండూ బల్ల మీద బోర్లాపడ్డాయి. వాటి మీద గణపతిరావు పడ్డాడు. నడుం పట్టేసి లేవలేకపోయాడు. నలుగురు పట్టి లేపేదాకా, "కేసు మూసేసినట్టే, కేసు మూసేసినట్టే" అని మూలుగుతూనే ఉన్నాడు.

శైలజ తన కాటా కొంచెం ఎత్తి అద్దం చూసింది. తూకాల్లేవు. ఖాళీ.

ధనరాజు కూడా తనది ఎత్తి చూశాడు. ప్రళయమొచ్చినా చెరగనిది కూడా తెల్లమొహం వేసింది.

"ఇది... ఇది మానవ తప్పిదం" అన్నాడు ధనరాజు. "మనుషులు మీద పడటం మా షరతుల్లో లేదు."

"ప్రళయం ఉంది కదండీ. మా బావ దానికేటి తక్కువ?" అన్నాడు నరసింగరావు నీరసంగా.

శైలజకి ఏడుపొచ్చేలా ఉంది. ఖాళీ కాటాని మళ్ళీ నిలబెట్టబోతుంటే కడిగిన తట్ట చంకన పెట్టుకుని దాలమ్మ వచ్చింది.

"ఉండనీయే గుంటా, ఎత్తకు. బోర్లించీసి ఆ బాబు నాకు పని తప్పించినాడు. ఎలాగూ లెక్కలు సూసీసి నాను బోర్లించాల కదా."

శైలజ చెయ్యి ఆగిపోయింది. "ఏటన్నావు అత్తా?"

"పాట అయిపోనాక బోర్లించమేటి? సేప ఎక్కిన సామానేదైనా బోర్లించాల్సిందే. అటు సూడు."

శైలజ చూసింది. షెడ్డు పొడవునా కడిగిన తట్టలన్నీ బోర్లా ఉన్నాయి. బకెట్లు బోర్లా, గిన్నెలు బోర్లా. ఆఖరికి చేప కోసే పీట కూడా బోర్లానే.

"యెల్లకిలా ఒదిలేస్తే మర్నాడు వల కూడా అలాగే ఖాళీగా ఆవలిస్తాది. మా అత్త కాలంనుంచీ ఇదే. ఈ కాటా మీద కూడా సేపే కదా ఎక్కుతాది. పళ్ళెం కడిగి, దీన్ని బోర్లించి, మీద గోనె కప్పి పోతాను. తెల్లారి తిప్పుతాను."

"రోజూనా?"

"సేప తగిల్న రోజల్లా."

బోర్లిస్తే బల్లకి ముందు ఆనేది ఎర్ర బటనే. ఇంతకాలం ఈ కాటా ఏదీ మరిచిపోలేదు. చెరిపెయ్యమని రోజూ పాట కాగానే ఎర్ర బటన్ నొక్కిపెడుతుంటే, మంచి గుమాస్తాలాగ చెప్పిన పని చేసింది. దాని స్థానంలో ఏ డేటాబేస్ ఉన్నా అదే చేస్తుంది. ఇప్పుడు అక్షయ కూడా చేసింది.

"ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేం అత్తా?"

"నువ్వడిగేవేటి? అన్నం తిన్నాక సెయ్యి కడుక్కుంటామని ఎవులైనా సెప్తారేటే?"

నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ ఎర్ర బటన్ అంత ఎత్తు పెట్టమన్నది..."

"మీరే సార్."

నరసింగరావు సముద్రం వైపు తిరిగి కెరటాలు చూడసాగాడు.

"అదంతా సరే" అంది దాలమ్మ. "మరి ఇయ్యాల్టి తూకాలేటి? ఎవులి సేప ఎంతో సెప్పకుండా బండి కదల్దు. ఐసు కరిగిపోతంది."

అప్పటిదాకా నవ్వుతున్న ఆడవాళ్ళు నవ్వు ఆపేశారు. పొద్దున్నించి ఎండలో కూర్చున్న వాళ్ళ కష్టమంతా ఆ ఖాళీ డబ్బాల్లో ఉంది. ధనరాజు ఫోను తీసి కంపెనీకి చేశాడు. అటునుంచి సన్నాయి పాట వినిపించింది. మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఒకావిడ చెప్పి, మళ్ళీ సన్నాయి పెట్టింది.

శైలజ లాప్‌టాప్ తీసి తన కాటాకి తీగ తగిలించింది. ఇంతకుముందెప్పుడూ చెయ్యని పని. "చెరపడమంటే తుడిచెయ్యడం కాదు సార్" అంది. "ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకోవడం, అంతే. కొత్తది రాసేదాకా పాతది కిందే ఉంటుంది. ఏది ఎక్కడ రాస్తుందో తయారుచేసినవాళ్ళే అంతా విప్పి చెప్పారు. చదివింది కొంచెమే గానీ, అదృష్టం కొద్దీ ఈ భాగమే చదివాను."

తెర మీద ముందు చెత్త గీతలు కనిపించాయి. తర్వాత ఒక పేరు. ఆ వెనక ఇంకో పేరు.

"మరిడమ్మ, కవ్వళ్ళు... తాయారు, రొయ్యలు... దానమ్మ, వంజరం..."

పేరు చదివినప్పుడల్లా ఒకావిడ "నాదే, నాదే" అని ముందుకొచ్చింది. కిలోలు వినగానే ఎర్రన్న తలూపాడు, కొన్నవాళ్ళు తలూపారు. ధనరాజు ఫోను అప్పటికీ సన్నాయి వాయిస్తూనే ఉంది.

"మీదాంట్లోంచి కూడా తియ్యొచ్చేటండి?" అని నరసింగరావు ధనరాజుని అడిగాడు.

"తప్పకుండా సార్! మా ఫార్మాట్ రహస్యం కదా, మా ఇంజినీరే రావాలి. వచ్చే వారం."

"పోతే పట్టుకోడానికి కాలరైనా ఉంటాదేటండి?"

"ఉంది సార్. హైదరాబాదులో."

నరసింగరావు పెన్ను మూత పెట్టేశాడు. ఆ చప్పుడు కూడా శైలజకి వినిపించింది.

అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. గణపతిరావుని లేపేటప్పుడు ఆయన మోచెయ్యి తగిలి కొత్త తూకం ఒకటి నమోదై, సరిగ్గా ఆయన టేకు చేప చోట్లోనే కూర్చుంది.

"రికార్డు లేదా? అయితే ఆ చేప నేను కొన్నట్టు సాక్ష్యమే లేదు!" అని కుర్చీలోంచే చెయ్యెత్తాడు గణపతిరావు.

ఎర్రన్న ఆయన కోటు వెనక అంటుకున్న చేప తోకని లాగి చూపించాడు.

*

ఆ తర్వాత వర్క్‌షాపులో ఎర్ర బటన్ లోపలికి దిగింది. నొక్కినా, నిజంగానే చెరపాలా అని రెండుసార్లు అడుగుతుంది. శైలజ మాత్రం అంతటితో ఊరుకోలేదు. బ్యాటరీ పీకి, తూకం మధ్యలో ఆపి, ఉప్పునీళ్ళు చల్లి, తన డేటాబేసుకి తానే పరీక్షలు పెట్టింది.

"అది మంచిదని తేలింది కదా, ఇంకా ఎందుకమ్మా?" అన్నాడు నరసింగరావు.

"ఊరికే వచ్చిందని మీరు అనుమానించారు. తెరిచి ఉంది కదా అని నేను నమ్మేశాను. ఇద్దరం చూడాల్సింది చూళ్ళేదు సార్."

నరసింగరావు వర్క్‌షాపులో ఒక నియమం పెట్టాడు: ఎవరేం చెప్పినా సరే, బయటికెళ్ళే ప్రతి కాటానీ ఒక పూట బోర్లించి, మీద బరువు పెట్టి చూడాలి. బరువు పని గణపతిరావుకి అప్పగించారు. గరివిడినుంచి వారానికోసారి వచ్చి కాటాల మీద కూర్చుని పేపరు చదువుకుంటాడు.

"నేను జారిపడలేదు. పడి చూపించాను" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు.

కొత్త కాటా ఇవ్వడానికి వెళ్ళినరోజు ఆయన దాలమ్మకి కొత్తగా అచ్చువేయించిన కార్డు అందించాడు. దాని మీద బంగారు రంగులో 'కంప్యూటర్ నేర పరిశోధక చక్రవర్తి' అని ఉంది. దాలమ్మ తడి చెయ్యి చీరకి తుడుచుకుని, కార్డు పుచ్చుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. పాట అప్పుడే అయిపోయింది. తట్టలన్నీ బోర్లించి ఉన్నాయి.

కార్డు మీది చక్రవర్తిని కూడా వాటి పక్కనే బల్ల మీద బోర్లించి, గోనె కప్పి, ఆవిడ ఇంటికెళ్ళిపోయింది.